మీటరా, నెలకింతా?

వారం రోజులుగా మా ఆఫీసులో ఒకటే రగడ. మేం చేస్తున్న ఏఐ టూల్‌కి నెలకింత అని పెట్టాలా, వాడినంతకి బిల్లెయ్యాలా అని. సేల్స్ వాళ్ళు నెలకింతే అంటారు. నాకేమో 1996 గుర్తొస్తోంది.

అప్పటిదాకా అమెరికాలో ఏఓఎల్ డయలప్‌ది గంటల లెక్క. నెలకి 9.95 డాలర్లకి ఐదు గంటలు, ఆపైన గంటకి 2.95. పోటీ పెరిగి, 1996 డిసెంబరు 1 నుంచి 19.95కే ఎంతసేపైనా వాడుకోమన్నారు. ఇంకేముంది, జనం ఎగబడ్డారు. ఎప్పుడు డయల్ చేసినా ఎంగేజే. తమాషా ఏంటంటే, లైను దొరికినవాడు మళ్ళీ దొరకదేమోనని పని లేకపోయినా కట్ చేసేవాడు కాదు (మీటరున్నప్పుడు ఎవరికీ పుట్టని బుద్ధి!). కేసులు పడ్డాయి, 1997 జనవరిలో రిఫండ్లకి ఒప్పుకోవాల్సొచ్చింది.

అయినా అక్కడ మనిషి కూర్చోవాలి, ఎప్పుడో ఒకప్పుడు నిద్రొస్తుంది. మన పల్లెల్లో పంపుసెట్లకి హార్స్‌పవర్ లెక్కన స్లాబు రేటున్న రోజుల్లో ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు చూడండి, కరెంటు ఏ రాత్రొచ్చినా మోటారు దానంతటదే తిరిగేది. ఇప్పటి ఏఐ ఏజెంట్లు అచ్చం అవే. 200 డాలర్ల ప్లాన్ మీద కూడా నష్టమే వస్తోందని, వాడకం అనుకున్నదానికంటే ఎక్కువైందని 2025 జనవరిలో ఓపెన్‌ఏఐ ఆల్ట్‌మనే చెప్పాడు.

పూర్తిగా మీటరు పెడితే కొత్తవాడు ప్రశ్న అడగడానికే జంకుతాడు, అదీ నిజమే. అందుకే నెలకి కొంత, అది దాటితే మీటరు అని రేపు మీటింగులో చెప్పబోతున్నా. సేల్స్ వాళ్ళు ఏమంటారో చూడాలి.