రెండు లిపులు చదివే మెదడు: కొరియా చెప్పిన సంగతి

పక్షవాతంతో మాట పోయిన రోగి చేతికి బంధువులు కాగితం, కలం అందించి "పోనీ, రాసి చూపించు" అనడం ఆసుపత్రుల్లో తరచు కనిపించేదే. రోగి ఆ కాగితం వంక అయోమయంగా చూస్తే మతి కూడా పోయిందని తేల్చేస్తారు. మాట, చదువు, తెలివి వేరువేరుగా దెబ్బతినగలవన్న విషయం వైద్యశాస్త్రానికే నిదానంగా బోధపడింది.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా, మాట పోయిన రోగి మెదడులో ఎడమ ముందుభాగం చెడినట్లు చూపాడు. 1892లో అదే దేశంలో జూల్ డెజెరిన్ మరింత విచిత్రమైన రోగిని గూర్చి వెల్లడించాడు. ఆయన చదువుకున్న వ్యాపారి. చక్కగా మాట్లాడేవాడు, రాసేవాడు. తాను రాసిన దానినే తిరిగి చదవలేకపోయేవాడు! అక్షరం ఆకారం వెంట వేలు తిప్పితే మాత్రం అదేమిటో చెప్పగలిగేవాడు. మరణానంతరం పరీక్షిస్తే మెదడు ఎడమ వెనుకభాగంలో గాయం కనబడింది. చదవడానికి మెదడులో ప్రత్యేకమైన దారి ఉందని తెలిసింది. ఆ దారి ఒకటేనా? దీనికి జవాబు దొరకాలంటే రెండు తరహాల లిపులు చదివే మనుషులు కావాలి.

కొరియా ప్రజలు శతాబ్దాలపాటు చైనా నుంచి వచ్చిన హాంజా లిపిని వాడారు. అందులో ఒక్కో గుర్తుకు ఒక్కో అర్థం. సామాన్యులకు అది కొరుకుడు పడదని గ్రహించి సెజోంగ్ రాజు 1443లో 28 అక్షరాల లిపిని రూపొందించి, 1446లో ప్రకటించాడు. అదే హంగుల్, నేడు వాడుకలో ఉన్నవి 24. ధ్వనిని తెలిపే ఈ గుర్తులను అచ్చూ హల్లూ కలిపి ఒక చదరపు గడిలో కూర్చి రాస్తారు. గుణింతాలూ వత్తులూ ఎరిగిన మనకు ఈ కూర్పు మరీ కొత్తగా తోచదు. పండితులు దానిని చాలాకాలం చిన్నచూపు చూశారు (ఏ దేశ పండితులైనా అంతేనేమో). ఇరవయ్యో శతాబ్దంలోనూ పత్రికలు రెండు లిపులనూ కలిపి అచ్చువేసేవి. 1988లో హాంక్యోరే దినపత్రిక పూర్తిగా హంగుల్‌లో వెలువడడం అప్పటికి విశేషమే. ఆ విధంగా కొన్ని తరాల కొరియన్లు రెండు లిపులనూ చదువుతూ పెరిగారు.

2002లో కొరియా వైద్యులు ప్రచురించిన ఒక కేసు చూడండి. మెదడు ఎడమ పక్కభాగంలో, వెనుకగా, అడుగున రక్తప్రసరణ ఆగిన రోగికి హాంజా చదవడమూ రాయడమూ పోయాయి, హంగుల్ మిగిలింది. జపాన్‌లో కాంజీ, కానా లిపుల విషయంలోనూ ఇటువంటి తేడాలను అంతకుముందే గమనించారు.

హంగుల్ ఒక్కదానిలోనూ తిరకాసులున్నాయి. కూరలోని పులుసుకు వారు "గుక్", "ముల్" అని రెండు గడులు రాస్తారు; పలికేటప్పుడు "గుంగ్‌ముల్" అంటారు. గడిగడినీ విడిగా కూడబలుక్కునే రోగి "గుక్... ముల్" అని ఆగిపోవచ్చు. పదాన్ని మొత్తంగా పోల్చుకోగలిగినవాడి నోట సరైన ఉచ్చారణే వస్తుంది. అర్థంలేని అక్షరాల కూర్పును చదవమంటే ఆ రెండోవాడే తడబడవచ్చు.

అందువల్ల అనుభవజ్ఞులు ఒక్క కాగితంతో తీర్పు చెప్పరు. చదివిస్తారు, విని రాయమంటారు, పదానికి తగిన బొమ్మను చూపమంటారు. "పాలు" అన్న మాటను పైకి చదవలేని మనిషి పాలగ్లాసు బొమ్మను తాకవచ్చు. అంటే అర్థం అందిందన్నమాటే. మీ ఇంటి పెద్దలకు ఉర్దూయో, హిందీయో, ఇంగ్లీషో కూడా చదవడం వచ్చి ఉంటే ఆ సంగతి స్పీచ్ థెరపిస్టుకు మొదటి రోజే చెప్పండి. తెలుగులో మూసుకుపోయిన దారి మరో లిపిలో కొంతైనా తెరిచి ఉందేమో పరీక్షించమని అడగండి.