మెయిలు సర్వరు పాస్‌వర్డు అడగడం ఎప్పుడు మొదలైంది

ఈమెయిలు పంపే పద్ధతికి 1982 ఆగస్టులో జోనథన్ పోస్టెల్ రాసిన ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సి 821 పునాది. అందులోని ఎస్‌ఎంటీపీ నియమావళిలో పాస్‌వర్డు ఊసే లేదు. పంపేవారు ఏ పేరు చెబితే సర్వరు ఆ పేరే రాసుకునేది, ఎవరికి పంపమంటే వారికి పంపేది. నెట్‌వర్కులో విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు, సైనిక కార్యాలయాలే ఎక్కువగా ఉన్న రోజులవి కాబట్టి ఇది లోపంగా కనిపించలేదు. నిజానికి హెచ్చరిక అంతకుముందే వచ్చింది. 1978 మేలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గ్యారీ థర్క్ తమ కంప్యూటర్ల ప్రచారాన్ని ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి పంపి చీవాట్లు తిన్నాడు.

ఇంటర్నెట్ వ్యాపారుల చేతికి వచ్చాక, తలుపులు తెరిచి ఉన్న సర్వర్లు చెత్త మెయిళ్లకు దారులయ్యాయి. అప్పట్లో విస్తృతంగా వాడుకలో ఉన్న మెయిలు సర్వరు సాఫ్ట్‌వేర్ సెండ్‌మెయిల్ 1998లో 8.9 వెర్షన్‌తో బయటివారి మెయిళ్లను మోయడం మానేసింది. అయితే సొంత ఖాతాదారు వేరే ఊరి నుంచి పంపితే అతన్ని గుర్తుపట్టేదెలా? దీనికి ఒక విచిత్రమైన చిట్కా పుట్టింది: ముందు పాస్‌వర్డుతో తన ఇన్‌బాక్సు చూసుకోవాలి, ఆ తర్వాత కొన్ని నిమిషాలపాటు అదే ఐపీ చిరునామా నుంచి మెయిలు పంపుకోవచ్చు. చూసుకోవడం మరిచినవాడికి పంపడం కుదిరేది కాదు.

అసలు పరిష్కారం 1999 మార్చిలో జాన్ మైయర్స్ రాసిన ఆర్‌ఎఫ్‌సి 2554. పంపేముందే లాగిన్ అడిగే ఆథ్ ఆదేశం అందులో వచ్చింది. మెయిలు పంపే స్క్రిప్టులు రాసేవారిని నేటికీ వేధించే అంకెలు అక్కడివే: లాగిన్ చేయకుండా పంపబోతే 530, ఎంచుకున్న పద్ధతి బలహీనమైతే 534, వివరాలు సరిపోకపోతే 535. ఎక్కువగా వాడే ప్లెయిన్, లాగిన్ పద్ధతుల్లో పాస్‌వర్డు బేస్64 రూపంలో వెళుతుంది. చూడ్డానికి గజిబిజిగా ఉన్నా అది రహస్యం కాదు, ఎవరైనా క్షణంలో విప్పగలరు. అందుకే సంభాషణను గుప్తీకరించే, అదే ఏడాది జనవరిలో వచ్చిన స్టార్ట్‌టీఎల్‌ఎస్ దానికి తప్పనిసరి తోడైంది. 1998 డిసెంబరులోనే సొంత ఖాతాదారుల కోసం 587 పోర్టు కేటాయించారు. 465 పోర్టు కథ ఇంకా తమాషా. 1997లో ఇచ్చి, మరుసటి ఏడాదే వెనక్కి తీసుకుని, 2018లో మళ్లీ ఇచ్చారు.

మొదట్లో స్క్రిప్టులకు ఈ లాగిన్ బెడద తగలలేదు. తమ యంత్రంలోనే ఉన్న సెండ్‌మెయిల్‌కు మెయిలు అప్పగించి అవి తప్పుకునేవి. పీహెచ్‌పీలోని మెయిల్ ఫంక్షన్ యునిక్స్ యంత్రాల్లో నేటికీ ఇలాగే పనిచేస్తుంది. బయటి సర్వరుతో నేరుగా మాట్లాడాల్సి వచ్చాక వరస ముఖ్యమైంది: పలకరింపు, స్టార్ట్‌టీఎల్‌ఎస్, మళ్లీ పలకరింపు, ఆ తర్వాతే లాగిన్. చాలా సర్వర్లు గోప్యత ఏర్పడేదాకా తమకు ఆథ్ తెలుసనే చెప్పవు. అందుకే స్టార్ట్‌టీఎల్‌ఎస్ మరిచిన పైథాన్ స్క్రిప్టుకు, ఆ సర్వరులో ఆథ్ సౌకర్యమే లేదన్న తప్పుదోవ సందేశం వస్తుంది.

2011లో గూగుల్ రెండంచెల ధ్రువీకరణ తెచ్చింది. రెండో అంచెలో కోడ్ అడిగితే స్క్రిప్టు ఏం చెబుతుంది? దానికోసం 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు పుట్టింది. 2022 మే 30 నుంచి వ్యక్తిగత జీమెయిల్ ఖాతాలకు మామూలు పాస్‌వర్డుతో స్క్రిప్టులు లాగిన్ కావడాన్ని గూగుల్ ఆపేయడం మొదలుపెట్టింది. ఏళ్లుగా నడిచిన స్క్రిప్టులు ఉన్నపళంగా 535తో ఆగిపోయాయి. యూజర్‌నేమ్, పాస్‌వర్డు అంగీకరించలేదన్నది సందేశం. పాస్‌వర్డు సరైనదే, ఆ రకం పాస్‌వర్డే ఇక చెల్లదు. సర్వరు ఆ ముక్క తిన్నగా చెప్పి ఉంటే ఎంతోమందికి శ్రమ తప్పేది. యాప్ పాస్‌వర్డు పెట్టడం, లేదా ఓఆథ్ టోకెన్ వాడడం దీనికి మందు. మైక్రోసాఫ్ట్ కూడా 2022 అక్టోబరు నుంచి ఎక్స్‌చేంజ్ ఆన్‌లైన్‌లో పాస్‌వర్డుతో చేసే పాత లాగిన్లను మూసేసింది. మెయిలు పంపే ఆథ్‌ను మాత్రం అప్పటికి వదిలిపెట్టింది, స్కానర్లు, ప్రింటర్లు దానిమీదే బతుకుతున్నాయి మరి. అక్కడ 535 పక్కన 5.7.139 కనిపించి, ఆ సంస్థకు ఆథ్ ఆపేసి ఉందని సందేశం చెబితే స్క్రిప్టును మార్చి లాభం లేదు, దాన్ని తెరవాల్సింది సంస్థ అడ్మినిస్ట్రేటరే.

లాగిన్ కుదిరాక కూడా మరో ధ్రువీకరణ ఎదురవుతుంది. ఎస్‌పీఎఫ్, డీకేఐఎం, డీమార్క్ అనేవి పంపినవారి ఖాతాను కాదు, చిరునామాలోని డొమైన్‌ను పరీక్షిస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి తన ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి జీమెయిల్ ఈ మూడింటినీ తప్పనిసరి చేసింది. 550 5.7.26 వస్తే లోపం ఈ దశలోనిది. పాస్‌వర్డు జోలికి పోకుండా, డొమైన్ డీఎన్‌ఎస్ రికార్డులను సరిచూడాలి.