హాస్యనటుని నిర్మాణ దృష్టి: బి. పద్మనాభం

సినిమా చరిత్ర పద్మనాభాన్ని ప్రధానంగా హాస్యనటుడిగానే గుర్తించింది. నిర్మాతగా ఆయన ఎన్నుకొన్న ఇతివృత్తాలను పరిశీలిస్తే ఈ అంచనా అసమగ్రమని తేలుతుంది.

బసవరాజు వెంకట పద్మనాభరావు 1931లో కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని సింహాద్రిపురంలో జన్మించారు. 'పాతాళభైరవి' (1951)లో నేపాళ మాంత్రికుని శిష్యుడు సదాజపునిగా ప్రసిద్ధులయ్యారు. ఆ చిత్ర నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డిది కూడా ఈ జిల్లాలోని పొట్టిపాడే.

రేఖా అండ్ మురళీ ఆర్ట్స్ పక్షాన నిర్మించిన 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' (1967) జనుల నోట నిలిచిన న్యాయాధికారి కథ. రామన్న పాత్రను ఆయనే ధరించారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం నేపథ్యగాయకునిగా పరిచయమైంది ఈ చిత్రంతోనే. 'కథానాయిక మొల్ల' (1970)కు ఆయనే దర్శకులు. కుమ్మరి ఇంటి ఆడపడుచుగా సంప్రదాయం చెప్పుకొనే రామాయణ కవయిత్రి పాత్రను వాణిశ్రీ పోషించారు. ఉత్తమ చిత్రంగా దానికి బంగారు నంది దక్కింది.

మొదటిది మౌఖిక సంప్రదాయానికి, రెండవది కావ్య సంప్రదాయానికి చెందినవి. మొల్ల ఊరైన గోపవరాన్ని బద్వేలు ప్రాంతానిదిగా భావించేవారికి ఈ ఎంపికలో ప్రాంతీయ స్మృతి కూడా కనిపిస్తుంది. నవ్వించడమే వృత్తిగా గల నటుడు ఒక కవయిత్రిని కథానాయికగా నిలిపి, తరగతి గదికి వెలుపలి ప్రేక్షకులకు ఆమెను చేరువ చేశారు. 2010లో మరణించిన పద్మనాభానికి సాహిత్య చరిత్రలోనూ కొంత చోటుండాలనడానికి ఇదే ఆధారం.