కాలువ గట్టున పుట్టిన లెక్కల పండగ

లెక్కలకి పండగేమిటి, పండగనాడు నడకేమిటి అనిపించవచ్చు. అలాంటి ఆచారం ఒకటి పుట్టింది మాత్రం ఓ కాలువ గట్టు మీదే.

1843 అక్టోబరు 16న డబ్లిన్ నగరంలో రాయల్ కాలువ వెంట గణితజ్ఞుడు విలియం రోవన్ హామిల్టన్ భార్యతో కలిసి నడిచి వెళుతున్నాడు. ఏళ్ల తరబడి తెగని చిక్కు ఒకటి ఆయన్ని వేధిస్తోంది. మూడేసి అంకెల జట్లని ఎలా గుణించాలి? బ్రూమ్ వంతెన దగ్గరికి వచ్చేసరికి తట్టింది: మూడు చాలవు, నాలుగు కావాలి! ఆ సూత్రాన్ని అక్కడికక్కడే చాకుతో వంతెన రాతి మీద చెక్కాడు. గీతలు చెరిగిపోయాయి గాని, లెక్క నిలిచింది. ఆ నాలుగేసి అంకెల జట్లే క్వాటర్నియన్లు. ఇవాళ అంతరిక్ష నౌకని తిప్పడానికీ, కంప్యూటర్ తెర మీద బొమ్మ తిరగడానికీ అవే ఆధారం. 1990 నుంచి ఏటా అక్టోబరు 16న మేనూత్ విశ్వవిద్యాలయ గణితజ్ఞుల పూనికతో డన్‌సింక్ వేధశాల నుంచి ఆ వంతెన దాకా జనం నడుస్తున్నారు.

పై (π) దినోత్సవానిదీ నడకతో మొదలైన కథే. 1988 మార్చి 14న శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరేటోరియం అనే సైన్సు మ్యూజియంలో భౌతికశాస్త్రవేత్త లారీ షా, సిబ్బంది, సందర్శకులు గుండ్రటి ఆవరణ చుట్టూ, మనం గుడిలో ప్రదక్షిణ చేసినట్టు తిరిగారు. 2019లో యునెస్కో ఆ తేదీనే అంతర్జాతీయ గణిత దినోత్సవంగా ప్రకటించింది. మనకైతే రామానుజన్ పుట్టిన డిసెంబరు 22. ప్రధానిగా ఉన్నప్పుడు మన్మోహన్ సింగ్ దాన్ని జాతీయ గణిత దినోత్సవం చేశారు.

హామిల్టన్ నడక జరిగిన నాలుగేళ్లకి, 1847లో, కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని మొదలుపెట్టించాడు. కోనసీమ కాలువ గట్లు ఆ పని ఫలితమే. అమలాపురం, రాజోలు, కొత్తపేట ఎటు వెళ్లినా గట్టు ఉంది, పక్కన కొబ్బరిచెట్టు ఉంది. నా దృష్టిలో అంతకు మించిన లెక్కల పుస్తకం లేదు. మొదలు చుట్టూ తాడు చుట్టి కొలిస్తే 88 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, π విలువ 22/7తో భాగిస్తే అడ్డుకొలత 28. చెట్టు కొయ్యకుండానే! ఇంకా ముచ్చటైన సంగతి ఆ మట్టల్లో ఉంది. ఒక మట్టకీ, దాని తర్వాత పుట్టే మట్టకీ మధ్య సుమారు 140 డిగ్రీల కోణం. ఆ మెలిక కొన్ని చెట్లలో ఎడమకి, కొన్నిట్లో కుడికి తిరుగుతుంది. తల్లి చెట్టుది కుడి అయితే పిల్లదీ కుడే కావాలని లేదు. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో టి.ఎ. డేవిస్ 1960ల్లో ఈ ఎడమ కుడుల మీద ఎంతో పరిశోధన చేశాడు.

మార్చిలో ఎండ, పరీక్షల హడావుడి. అందుకని మనకి డిసెంబరు 22 మేలు. మాస్టార్లూ, ఆ రోజు పిల్లలకి క్విజ్ పెట్టి సరిపెట్టకండి. చేతికి ఒక తాడూ, టేపూ ఇచ్చి గట్టు మీదకి తీసుకెళ్లండి. ఎన్ని చెట్లు ఎడమో, ఎన్ని కుడో లెక్కపెట్టించండి.