డిష్‌వాషర్ మొరాయిస్తోందా? మెకానిక్‌ను పిలిచే ముందు ఇవి చూడండి.. బోరు నీళ్లు వాడే ఇళ్లలో అసలు సమస్య ఇదే!

లాక్‌డౌన్ టైమ్‌లో పనిమనిషి రాక చాలా ఇళ్లు డిష్‌వాషర్ కొన్నాయి. ఇప్పుడు వాటిల్లో చాలావరకు వారంటీ దాటిపోయాయి. గ్లాసులపై తెల్లటి మచ్చలు, అడుగున నిలిచిపోయే నీళ్లు, మధ్యలో ఆగిపోయి తెరపై ఏదో కోడ్.. ఇలాంటి వాటిలో చాలావరకు మెషిన్ చెడిపోయినట్టు కాదు. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ మండలం కిష్టారెడ్డిపేట, పటాన్‌చెరు వైపు అపార్ట్‌మెంట్లలో బోరు, ట్యాంకర్ నీళ్లు వాడే ఇళ్లకైతే ముందు అనుమానించాల్సింది మెషిన్‌ను కాదు, నీళ్లను.

తెల్ల మచ్చలు ఎందుకు?

ఇక్కడ నేల కింద ఉన్నది గ్రానైట్. లోతు బోర్ల నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా ఉంటాయి. తాగునీటికి బీఐఎస్ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 600 వరకు ఒప్పుకుంటారు. చాలా డిష్‌వాషర్లలో ఇందుకోసమే లోపల చిన్న సాఫ్ట్‌నర్ ఉంటుంది. అందులోని రెజిన్ గింజలు కాల్షియంను పట్టుకుని సోడియంను వదులుతాయి. ఆ రెజిన్ మళ్లీ పని చేయాలంటే ఉప్పు కావాలి. ఉప్పు అయిపోయినా, సెట్టింగ్ తప్పుగా ఉన్నా మచ్చలు తప్పవు.

ఈ సెట్టింగ్ దగ్గరే చాలామంది దెబ్బతింటారు. కొన్న రోజు ఎంత పెట్టారో అంతే ఉంటుంది. మాన్యువల్లో కాఠిన్యం సాధారణంగా జర్మన్ డిగ్రీల్లో ఇస్తారు. ఒక డిగ్రీ అంటే లీటరుకు సుమారు 17.8 మిల్లీగ్రాములు. అంటే 300 ఉంటే దాదాపు 17 డిగ్రీలు, 500 ఉంటే 28. దీన్ని కొలవడానికి హార్డ్‌నెస్ కిట్ కావాలి. ఇంట్లో ఉన్న టీడీఎస్ మీటర్ సరిపోదు, అది నీళ్లలో కరిగిన లవణాలన్నింటినీ కలిపి చూపిస్తుంది. బోరు నీళ్లలో మంజీరా నీళ్లు కలిసే సంపైతే రెండు మూడు సార్లు కొలిచి, ఎక్కువ వచ్చిన లెక్కకు సెట్ చేయడం మేలు.

ఉప్పు విషయంలో వంటింటి అయోడైజ్డ్ ఉప్పు వద్దు. గడ్డకట్టకుండా అందులో కలిపే పదార్థాలు సాఫ్ట్‌నర్‌లో పేరుకుంటాయి. డిష్‌వాషర్ సాల్ట్ మాత్రమే వాడాలి. పోసేటప్పుడు బయట పడితే వెంటనే ఒక వాష్ వేయాలి, లేదంటే స్టీల్‌కు తుప్పు పడుతుంది.

చిన్న టెస్ట్ ఒకటి. మచ్చ మీద నిమ్మరసం రుద్ది చూడండి. పోతే అది సున్నం. పోకుండా గాజు మసకగానే ఉంటే గాజే అరిగింది. దానికి ఉప్పు పెంచితే లాభం లేదు, పైగా నష్టం.

నీళ్లు పోవట్లేదా?

ఫిల్టర్ అడుగున కొంచెం నీళ్లు ఉండటం మామూలే. గిన్నెల బుట్ట కిందంతా నిలిస్తేనే సమస్య. బాష్ మెషిన్లలో ఈ24 అంటే డ్రెయిన్ దారి మూసుకుంది లేదా పైపు మడత పడింది అని, ఈ25 అంటే పంపులో ఏదో ఇరుక్కుంది అని. ఎల్‌జీలో ఓఈ అంటే నీళ్లు బయటకు పోవట్లేదని.

ముందు ప్లగ్ పీకాలి. స్విచ్ ఆపితే చాలదు. నీళ్లు స్పాంజ్‌తో తోడి ఫిల్టర్ తీయండి. మన ఇళ్లలో అక్కడ దొరికేవి తాలింపు ఆవాలు, కరివేపాకు ఈనెలు, నిమ్మగింజలు, చింతపండు పీచు. గ్లాసు పగిలి ఉంటే గ్లవ్స్ లేకుండా చేయి పెట్టొద్దు. ఫిల్టర్ కింద పంపు మూత ఉంటుంది. కొన్ని మోడళ్లలో చెంచాతోనే లేపొచ్చు. లోపలి చక్రం వేలితో తిప్పితే తిరగాలి. స్ప్రే ఆర్మ్ రంధ్రాలు టూత్‌పిక్‌తో పొడిచి కడగండి. ఇదంతా అయ్యాక సింక్ కింద డ్రెయిన్ పైపు నలిగిందేమో చూడాలి. సింక్ పైపే జామ్ అయితే మెషిన్‌కు ఎంత రిపేర్ చేసినా అంతే.

నీళ్లు రావట్లేదా?

ఎల్‌జీలో ఐఈ కోడ్ ఇదే. ట్యాప్ మూసి, ఇన్‌లెట్ పైపు విప్పితే లోపల చిన్న జాలీ కనిపిస్తుంది. ట్యాంకర్ మట్టి పేరుకునేది అక్కడే. జాలీ శుభ్రంగా ఉన్నా రాకపోతే ప్రెషర్ చూడాలి. చాలా మోడళ్లకు 0.5 బార్ దాకా కావాలి, అంటే ట్యాంకు సుమారు 5 మీటర్లు పైన ఉండాలి. టాప్ ఫ్లోర్ ఫ్లాట్లకు అంత ఎత్తు దొరకదు. పార్ట్‌లు మార్చే ముందు ఈ లెక్క వేసుకుంటే డబ్బు మిగులుతుంది. చిన్న ప్రెషర్ పంపుతో సరిపోయే కేసు ఇది.

ఇవి మాత్రం ముట్టుకోవద్దు

బాష్‌లో ఈ15 వస్తే కింది ట్రేలోకి నీళ్లు చేరాయని అర్థం. ట్యాప్ మూసి, ప్లగ్ పీకేయండి. మెషిన్‌ను వంచి ఆ నీళ్లు తీసేస్తే కోడ్ పోతుంది కానీ లీకు పోదు. గిన్నెలు తోమే మామూలు లిక్విడ్ పోస్తే నురగ పొంగి కూడా ఇలా జరుగుతుంది. అలాంటప్పుడు నురగంతా తీసేసి, ట్రే ఆరాక మళ్లీ వేస్తే చాలు.

వాష్ మొదలుకాగానే ఆర్‌సీసీబీ పడిపోతుంటే అది హీటర్ లేదా వైరింగ్ లీకేజీ కావొచ్చు. మళ్లీ మళ్లీ ఎత్తడం, ఎర్త్ లేని ప్లగ్‌లో పెట్టి చూడటం ప్రాణాలతో చెలగాటమే. నీళ్లూ కరెంటూ ఒకే పెట్టెలో ఉన్న మెషిన్ ఇది. హీటర్, మోటార్, కంట్రోల్ బోర్డు టెక్నీషియన్‌కే వదిలేయాలి. 16 యాంప్ సాకెట్, సరైన ఎర్త్ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి.

వారంటీ ఉంటే స్క్రూ విప్పే ముందు కార్డు చదవండి. ఫిల్టర్, జాలీ శుభ్రం చేయడం యూజర్ పనే, దాంతో వారంటీ పోదు. స్పేర్లు, సర్వీస్ వివరాల కోసం కేంద్రం 2022 డిసెంబర్‌లో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది. సర్వీస్ విషయంలో కంపెనీ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. మోడల్ నంబర్, బిల్లు, తెరపై కోడ్ ఫొటో దగ్గర పెట్టుకోండి.