తుపాకీ వద్దనుకున్న పోలీసులు

2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయులపై దాడుల వార్తలు వచ్చినప్పటి నుంచి, ఊరి నుంచి ఫోన్ చేసినవాళ్లు ఒకటే అడుగుతున్నారు. "అక్కడి పోలీసుల దగ్గర తుపాకులు కూడా ఉండవట కదా, మరి మీకు దిక్కెవరు?" మా మీద బెంగతో అడిగే మాట అది, కాదనను. కానీ ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. ఐర్లండ్ పోలీసు తుపాకీ పట్టకపోవడం ఏదో ప్రశాంతమైన దేశం కనక అబ్బిన అలవాటు అనుకుంటారు చాలామంది. దేశం తగలబడుతుండగా, ఒకే ఇంటి అన్నదమ్ములు చెరో పక్క చేరి కాల్చుకుంటుండగా, 1922లో తెలిసి తెలిసి తీసుకున్న నిర్ణయం అది. స్వతంత్రం వచ్చాక ఈ దేశం చేసిన పనుల్లో దానికి మించిన సాహసం నాకు కనిపించలేదు.

ముందు పాత పోలీసుల సంగతి చెప్పాలి. అందులో మన కథ కూడా ఉంది.

1836లో బ్రిటిష్ ప్రభుత్వం ఐర్లండ్ జిల్లాల పోలీసులందరినీ ఒకే దళం కిందికి తెచ్చింది. 1867 తిరుగుబాటును అణచినందుకు ఆ దళానికి 'రాయల్' అనే బిరుదు దక్కింది. అప్పటి నుంచి అది రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ. చేతిలో తుపాకీ, బ్యారక్‌లో కాపురం, సైనికుల్లా కవాతు. సొంత జిల్లాలో పోస్టింగు ఇవ్వరు, భార్య పుట్టిన జిల్లాలోనూ ఇవ్వరు. పెళ్లి చేసుకోవాలంటే పై అధికారి అనుమతి ఉండాలి. కానిస్టేబుళ్లలో ఎక్కువమంది కాథలిక్ రైతుబిడ్డలు, అధికారుల్లో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. ఊరికి ఎవరొచ్చారు, ఎవరు ఎవరితో తిరుగుతున్నారు, అంతా రాసి పైకి పంపాలి. కౌలు బాకీపడ్డ రైతు సామాను వీధిలోకి విసిరేస్తుంటే పక్కన కాపలా నిలబడాలి.

ఇదంతా ఎక్కడో విన్నట్టే ఉంటుంది మీకు. ఉండి తీరాలి. 1843లో సింధ్‌ను ఆక్రమించుకున్న చార్లెస్ నేపియర్ అక్కడి పోలీసులకు ఈ ఐరిష్ దళాన్నే నమూనాగా తీసుకున్నాడు. 1857 తిరుగుబాటుతో బెదిరిన దొరలు ఆ నమూనానే దేశమంతటికీ పాకించారు. మద్రాసు ప్రెసిడెన్సీలో వచ్చిన 1859 చట్టం, దాని వెనకే వచ్చిన 1861 పోలీసు చట్టం ఆ దారిలోవే. ఠాణా గడప తొక్కడమంటే మన తాతలకు ఎందుకంత జంకో, ఐర్లండ్ పల్లెల చరిత్ర చదివాక నాకు బాగా తెలిసింది.

డబ్లిన్ నగరానికి మాత్రం వేరే దళం ఉండేది, డబ్లిన్ మెట్రోపాలిటన్ పోలీస్. మన వి.వి.గిరి 1913లో లా చదవడానికి వచ్చి, 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత ఈ దేశం విడిచిపోవాల్సి వచ్చేదాకా ఈ వీధుల్లో గస్తీ తిరిగింది ఆ పోలీసులే. వాళ్లకు తుపాకులు ఉండేవి కావు. కానీ అందులోనే జి డివిజన్ అని ఒక వేగుల విభాగం ఉండేది. స్వాతంత్ర్య ఉద్యమకారుల పేర్లు, కదలికలు అన్నీ దాని ఫైళ్లలో ఉండేవి.

ఆ ఫైళ్లు ఉన్న భవనం ఇప్పటికీ ఉంది. అప్పట్లో గ్రేట్ బ్రన్స్‌విక్ వీధి, ఇప్పుడు పియర్స్ వీధి. ఇప్పుడూ పోలీసు స్టేషనే. గుమ్మం కమానుకు రెండు పక్కలా రాతిలో చెక్కిన పాతకాలపు పోలీసు తలలు ఉంటాయి. 1919 ఏప్రిల్‌లో ఒక రాత్రి, అక్కడ టైపు పని చేసే ఎడ్వర్డ్ బ్రోయ్ అనే డిటెక్టివ్, విప్లవకారుల గూఢచర్యం నడిపే మైకేల్ కాలిన్స్‌ను రహస్యంగా లోపలికి తీసుకెళ్లి రికార్డు గదిలో వదిలాడు. కాలిన్స్ తెల్లవార్లూ ఫైళ్లు చదివాడు. తన గురించి రాసిందీ చదివాడు. తర్వాత ఆయన మనుషులు జి డివిజన్ డిటెక్టివ్‌లను ఒక్కొక్కరినే వీధుల్లో కాల్చి చంపారు.

పల్లెల్లో యుద్ధం అంతకుముందే మొదలైంది. 1919 జనవరి 21న, డబ్లిన్‌లో మొదటి ఐరిష్ పార్లమెంటు కూర్చున్న రోజే, టిప్పరరీ జిల్లా సోలోహెడ్‌బెగ్ దగ్గర పేలుడు మందు బండికి కాపలాగా వెళ్తున్న ఇద్దరు కానిస్టేబుళ్లను విప్లవకారులు చంపారు. ఇద్దరూ కాథలిక్కులే, ఐరిష్ బిడ్డలే. ఏప్రిల్‌లో పార్లమెంటు పోలీసులను వెలివేయమంది. వాళ్లకు పాలు అమ్మలేదు, చర్చిలో పక్కన కూర్చోలేదు. 1920 ఈస్టర్ నాటికి పోలీసులు ఖాళీ చేసి పోయిన బ్యారక్‌లను వందల సంఖ్యలో తగలబెట్టారు. రాజీనామా చేసినవాళ్ల స్థానంలో బ్రిటన్ నుంచి మాజీ సైనికులు దిగారు. వాళ్లనే బ్లాక్ అండ్ టాన్స్ అన్నారు. ఆ పేరు ఇక్కడి ముసలివాళ్ల నోట ఈనాటికీ తిట్టే. 1920 నవంబరు 21న క్రోక్ పార్క్ మైదానంలో ఆట చూస్తున్న జనం మీద కాల్పులు జరిగి 14 మంది చనిపోయారు. 1921 జులైలో కాల్పులు ఆగేసరికి నాలుగు వందలకు పైగా పోలీసులూ పోయారు.

ఆ డిసెంబరులో బ్రిటన్‌తో ఒప్పందం కుదిరింది. దాన్ని ఒప్పుకున్నవాళ్లు, ఒప్పుకోనివాళ్లు అని విప్లవకారులు రెండుగా చీలారు. పాత దళం రద్దవుతుంది. మరి రేపు ఊళ్లో గొడ్డు పోతే ఎవరికి చెప్పాలి? పోలీసు వ్యవస్థను కూలదోయడంలో ఆరితేరిన కాలిన్స్ మీదే కొత్తది కట్టే బరువు పడింది. 1922 ఫిబ్రవరిలో డబ్లిన్ గ్రెషామ్ హోటల్‌లో ఒక సమావేశం పెట్టి పని మొదలుపెట్టాడు. మైకేల్ స్టెయిన్స్ మొదటి కమిషనర్. చేరిన కుర్రాళ్లలో ఎక్కువమంది నిన్నటిదాకా పోలీసుల మీద పొంచి కాల్పులు జరిపినవాళ్లు.

వీళ్లకు పోలీసు పని నేర్పేదెవరు? ఆ పని తెలిసినవాళ్లు పాత దళంలోనే ఉన్నారు. కాలిన్స్‌కు లోలోపల సాయం చేసినవాళ్లను, మనస్సాక్షి ఒప్పుకోక రాజీనామా చేసినవాళ్లను ఏరి పై పదవుల్లో పెట్టారు. కుర్రాళ్లకు ఆ తేడా కనిపించలేదు. వాళ్ల కంటికి అందరూ శత్రువులే. మే 15న కిల్డేర్ బ్యారక్‌లో తిరగబడ్డారు. పరేడ్‌లో స్టెయిన్స్ మాట విన్నవాళ్లు చాలా కొద్దిమంది. కమిషనర్ తన సొంత దళాన్ని విడిచిపెట్టి డబ్లిన్‌కు వచ్చేయాల్సి వచ్చింది. వారాల తరబడి ఆ బ్యారక్ ఎవరి మాటా వినలేదు. ఈలోగా ఒప్పందాన్ని వ్యతిరేకించే వర్గంవాళ్లు వచ్చి, లోపలివాళ్ల సాయంతోనే అక్కడి తుపాకులు పట్టుకుపోయారు.

చాలామంది చరిత్ర చెప్పేటప్పుడు ఈ కిల్డేర్ ఘట్టాన్ని గబగబా దాటేస్తారు, సిగ్గుచేటు అన్నట్టు. నాకైతే మొత్తం కథకు కీలకం ఇక్కడే ఉంది. ఎందుకు తిరగబడ్డారో తేల్చమని కెవిన్ ఓషీల్, మైకేల్ మెకాలిఫ్‌లతో ప్రభుత్వం విచారణ జరిపించింది. దళాన్ని రద్దు చేసి తగినవాళ్లనే మళ్లీ చేర్చుకోవాలని వాళ్లు చెప్పారు. రాజకీయ నాయకుడు పోలీసు అధిపతిగా ఉండకూడదన్నారు. స్టెయిన్స్ పార్లమెంటు సభ్యుడు కూడా, ఆయన తప్పుకున్నాడు. దళం చేతిలో ఆయుధం ఉండకూడదన్నారు. ఇందులో ఆదర్శం ఎంత ఉందో అనుభవమూ అంతే ఉంది. మూడేళ్లుగా బ్యారక్‌ల మీద దాడులు ఎందుకు జరిగాయి? తుపాకుల కోసం. కిల్డేర్‌కు ఎందుకు వచ్చారు? తుపాకుల కోసం. ఆ దాడులు చేసి బతికినవాళ్లే ఇప్పుడు మంత్రులు, అధికారులు. స్టేషన్‌లో తుపాకీ ఉంటే దాన్ని ఎత్తుకుపోవడానికి ఎవడో ఒకడు వస్తాడని వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు.

అప్పటికి అంతర్యుద్ధం మొదలైపోయింది. 1922 జూన్ 28న ఒప్పంద వ్యతిరేకులు ఆక్రమించిన డబ్లిన్ న్యాయస్థాన భవనం ఫోర్ కోర్ట్స్ మీద ప్రభుత్వ సైన్యం ఫిరంగులు పేల్చింది. ఆగస్టు 17న కొత్త పోలీసులు డబ్లిన్ కాసిల్ గేటులోంచి లోపలికి నడిచారు. శతాబ్దాల పాటు బ్రిటిష్ అధికారానికి గుండెకాయ అది. ఆగస్టు 22న కార్క్ జిల్లాలో కాలిన్స్‌ను కాల్చి చంపారు. అదే ఆగస్టు 22న మన మన్యంలో అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేశాడు. ఆయన వెళ్లిందీ తుపాకుల కోసమే.

సెప్టెంబరులో ఓయెన్ ఓడఫీ కొత్త కమిషనర్ అయ్యాడు. హోం మంత్రి కెవిన్ ఓహిగ్గిన్స్. ఆ శరదృతువులో నిరాయుధులైన కుర్రాళ్లను చిన్న చిన్న జట్లుగా యుద్ధం నడుస్తున్న పల్లెలకు పంపారు. వాళ్ల స్టేషన్లను తగలబెట్టారు, వాళ్లను కొట్టారు, యూనిఫారాలు ఊడదీయించి పంపేశారు. మర్నాడు ఆ కుర్రాళ్లు అదే ఊళ్లో ఇంకో ఇల్లు అద్దెకు తీసుకుని బోర్డు పెట్టారు.

నవంబరు 14న హెన్రీ ఫీలన్ అనే యువ గార్డా, అంటే ఈ కొత్త దళం పోలీసు, ఇద్దరు తోటివాళ్లతో కలిసి కాలన్ నుంచి మల్లినహోన్ అనే ఊరికి వెళ్లాడు. స్టేషన్‌వాళ్లు హర్లింగ్ జట్టు కడుతున్నారు, దానికి కర్రలు, బంతి కావాలి. హర్లింగ్ ఇక్కడి పల్లెల ప్రాణం. ఊరి కుర్రాళ్లతో కలిసి ఆడితే ఊరు దగ్గరవుతుందని ఆశ. కొట్లో ఉండగానే తుపాకులతో మనుషులు వచ్చారు, ఫీలన్‌ను కాల్చేశారు. ఈ దళంలో హత్యకు గురైన మొదటివాడు అతను. ఆ వార్త విన్నాక ఏ ప్రభుత్వమైనా మర్నాడే తుపాకులు పంచిపెడుతుంది. వీళ్లు పంచలేదు. అంతర్యుద్ధం ముగిసేదాకా గార్డాలు దెబ్బలు తిన్నారే గానీ, ప్రాణాలు పోయిన సందర్భాలు చాలా అరుదు. ఖాళీ చేతుల మనిషిని చంపి ఊళ్లో తలెత్తుకు తిరగడం కష్టమని ఎదుటి వర్గానికీ తెలుసు.

అలాగని అప్పటి ప్రభుత్వం చేతులు శుభ్రంగా ఉన్నాయని నేననను. సైన్యం 77 మంది ఖైదీలకు మరణశిక్ష అమలు చేసింది. కెర్రీ జిల్లా బాలీసీడీలో ఖైదీలను మందుపాతరకు కట్టి పేల్చేశారు. డబ్లిన్ ఓరియల్ హౌస్‌లో ఉన్న సాయుధ డిటెక్టివ్‌లు చేసినవాటికి ఇప్పటికీ లెక్క తేలలేదు. ఆ రక్తం పోలీసు యూనిఫాం మీద పడకుండా చూసుకున్నారు, అంతే. కానీ ఆ 'అంతే' విలువ పదేళ్ల తర్వాత తెలిసింది.

1923 చట్టంతో దళానికి గార్డా షీఖానా, అంటే శాంతి రక్షకులు, అనే పేరు స్థిరపడింది. 1925లో డబ్లిన్ నగర పోలీసులూ ఇందులో కలిసిపోయారు. 1932 ఎన్నికల్లో, అంతర్యుద్ధంలో ఓడిపోయిన వర్గం నాయకుడు డివలెరా గెలిచాడు. గార్డాలు ఎవరినైతే వెతికి పట్టి జైల్లో పెట్టారో వాళ్లే మంత్రులయ్యారు. ఓడఫీ సైనిక కుట్రకు మనుషుల్ని కూడగట్టే ప్రయత్నం చేశాడని చరిత్రకారులు రాశారు. అతని వెంట ఎవరూ నడవలేదు. 1933 ఫిబ్రవరిలో డివలెరా అతన్ని తొలగించాడు. అతను ఫాసిస్టుల్లో కలిసి, తర్వాత ఫ్రాంకో కోసం స్పెయిన్‌కు సేనను తీసుకుని పోయాడు. కొత్త కమిషనర్‌గా వచ్చింది బ్రోయ్, ఆ రాత్రి రికార్డు గది తలుపు తీసినవాడు. గెలిచినవాళ్లు కట్టిన పోలీసు దళం ఓడినవాళ్ల మాట విని పనిచేయడం మొదలుపెట్టింది. ఒక దేశం నిలబడిందనడానికి నాకింకేం కొలత అక్కర్లేదు.

దీవిలో ఉత్తర భాగం వేరే దారి పట్టింది. అదే 1922లో, అదే పాత దళంలోంచి అక్కడ రాయల్ అల్‌స్టర్ కాన్‌స్టాబ్యులరీ పుట్టింది. ఆయుధాలు అలాగే ఉన్నాయి, మనుషుల్లో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు. కాథలిక్కులు దాన్ని ఏనాడూ తమదనుకోలేదు. తర్వాతి దశాబ్దాల కల్లోలంలో మూడు వందలకు పైగా పోలీసులు చనిపోయారు. పోలీసు సంస్కరణల మీద 1999లో వచ్చిన ప్యాటెన్ నివేదిక తర్వాత, 2001లో దాన్ని కొత్త పేరుతో, కొత్త కొలువుల్లో సగం కాథలిక్కులకిచ్చి మళ్లీ కట్టాల్సి వచ్చింది. 2018లో దక్షిణాన గార్డా కమిషనర్ అయిన డ్రూ హారిస్ ఆ ఉత్తరాది పోలీసే. ఆయన తండ్రి కూడా పోలీసు అధికారి, 1989లో సాయుధ సంస్థ ఐఆర్ఏ పెట్టిన బాంబుకు బలయ్యాడు.

గార్డాలు మచ్చలేనివాళ్లని రాస్తే అబద్ధమవుతుంది. డోనెగాల్ జిల్లాలో దొంగ సాక్ష్యాలు పుట్టించిన పోలీసుల వ్యవహారం మీద మోరిస్ ట్రిబ్యునల్ ఏళ్ల తరబడి విచారణ జరిపింది. లోపలి తప్పులు బయటపెట్టిన సిబ్బందిని వేధించారు. డిటెక్టివ్‌లకూ ప్రత్యేక దళాలకూ తుపాకులు ఉన్నాయి, అవసరపడితే వస్తారు. ఇప్పటిదాకా దాదాపు 90 మంది గార్డాలు విధుల్లో ప్రాణాలిచ్చారు. దాడులకు గురైన మనవాళ్లు కేసు నత్తనడక నడుస్తోందని బాధపడుతున్నారు, ఆ బాధ నిజం. కానీ మా అమ్మాయి పాస్‌పోర్టు ఫారం మీద సాక్షి సంతకం కోసం మా పేట స్టేషన్‌కు వెళ్తే, కౌంటర్ వెనక ఉన్న గార్డా పిల్ల పేరు రెండుసార్లు అడిగి సరిగ్గా పలికి, సంతకం పెట్టి ముద్ర కొట్టి ఇచ్చాడు. ఎవరి సిఫారసూ లేకుండా, భయం లేకుండా ఠాణాలోకి వెళ్లి పని చేయించుకుని రావడం ఇక్కడ అందరికీ మామూలే. వందేళ్ల కింద ఈ దేశంలో అది ఊహకు కూడా అందని సంగతి.

మన దగ్గర అసలు పనే మిగిలిపోయింది. ఐర్లండ్‌లో ఆ పాత దళం 1922 ఆగస్టులోనే రద్దయిపోయింది. మనకు ఆంధ్ర ప్రాంతంలో జిల్లా పోలీసు చట్టం పేరు మీద ఇప్పటికీ 1859 అనే ఉంది, తెలంగాణలో నిజాం కాలపు 1329 ఫసలీ చట్టం ఉంది. సవరణలు జరిగాయి, పునాది అదే. పోలీసుల మీద రాజకీయ పెత్తనం తగ్గించాలని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో కేంద్రానికీ రాష్ట్రాలకూ ఏడు ఆదేశాలు ఇచ్చింది. ఈసారి ఓటు అడగడానికి వచ్చినవాళ్లను రోడ్డు సంగతి, పింఛను సంగతి అడిగాక, ఆ ఏడింటిలో ఎన్ని అమలు చేశారో కూడా అడగండి.