బడిలో ఉబ్బసం: జూబ్లీహిల్స్, ఫిలింనగర్

హైదరాబాద్‌లో మృగశిర కార్తె, తొలకరి, బడులు తెరవడం కాస్త అటూఇటుగా ఒకేసారి వస్తాయి. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికి ఇచ్చే చేప ప్రసాదం కోసం జనం బారులు తీరేదీ అప్పుడే. 1845 నుంచి ఇస్తున్నామని బత్తిని కుటుంబం చెబుతుంది. కొర్రమీను పిల్ల నోట్లో మందు ముద్ద పెట్టి మింగిస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. మందు అనడంపై హేతువాదులు అభ్యంతరం చెప్పాక ‘చేప మందు’ కాస్తా ‘ప్రసాదం’ అయింది. పేరు మారినా, అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందనడానికి శాస్త్రీయ రుజువు మాత్రం లేదు.

మరి బడిలో ఆయాసం వస్తే పిల్లను చూసుకునేదెవరు? బడికి నర్సు కావాలన్న ఆలోచన దూరం నుంచి వచ్చింది. 1902లో న్యూయార్క్ బడుల్లో నర్సు లీనా రోజర్స్‌ను నియమించి చూశారు; గైర్హాజరు బాగా తగ్గింది. మన దేశంలో బడిపిల్లల వైద్య పరీక్షలు 1909లో బరోడాలో మొదలయ్యాయి. ఉబ్బసం పిల్లలకు అసలు మలుపు మాత్రం 1956లో వచ్చిన ఇన్‌హేలర్. 1969లో సాల్బుటమాల్ తోడవడంతో, పిల్లికూతలు మొదలైన పిల్లకు నిమిషాల్లో ఊపిరి ఆడే ఉపాయం జేబులోకి వచ్చింది.

జేబులోకి వచ్చింది కానీ బడిలోకి రావడానికి చాలాకాలం పట్టింది. అత్యవసర ఇన్‌హేలర్‌ను బడే కొని ఉంచుకోవచ్చని బ్రిటన్ అనుమతించింది 2014 అక్టోబరులో. మన దగ్గర ‘గొట్టం అలవాటైపోతుంది’ అన్న భయం ఇంకా పోలేదు. పిల్లకు ఆయాసం ఉందన్న సంగతి టీచరుకు చెప్పని తల్లిదండ్రులూ ఉన్నారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో బడిపిల్లల కోసం జవహర్ బాల ఆరోగ్య రక్ష పథకం వచ్చింది. 2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమాన్ని (ఆర్‌బీఎస్‌కే) ప్రారంభించింది. అందులో పరీక్షించే ముప్పై సమస్యల్లో శ్వాసనాళాలు బిగుసుకుపోయే జబ్బు ఒకటి. ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్‌ఎం, ఒక ఫార్మసిస్టు ఉన్న బృందం సర్కారు బడికి ఏడాదికోసారి వస్తుంది. జబ్బును పట్టుకోవడానికి ఇది మంచి ఏర్పాటే. ఉబ్బసం మాత్రం బృందం వచ్చే రోజు చూసుకుని రాదు కదా! 2020 ఫిబ్రవరిలో మొదలైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా ఎంచుకుంది. వాళ్ల పని ప్రధానంగా ఆరోగ్య పాఠాలు చెప్పడం.

బడిలో నర్సు ఉండటానికీ లేకపోవడానికీ ఉన్న తేడా ఫిలింనగర్‌లో కంటికి కనిపిస్తుంది. స్టూడియోలు, తారల బంగళాలు ఒకపక్క. వాటిని ఆనుకునే బస్తీలు. 1988 నుంచి అపోలో ఆసుపత్రి జూబ్లీహిల్స్‌లోనే ఉంది. పెద్ద ఫీజుల బడుల్లో నర్సు, సిక్ రూమ్ ఉండటం మామూలే. బస్తీ పిల్లలు చదివే సర్కారు బడిలో నర్సు కుర్చీ సాధారణంగా ఖాళీ. 2018లో నగరంలో మొదలైన బస్తీ దవాఖానాలు ఉచితంగా చూస్తాయి, అయితే అవి బడి గేటుకు అవతల ఉంటాయి.

నర్సు లేని బడిలో పిల్లను కూర్చోబెట్టి, తన ఇన్‌హేలర్‌ను స్పేసర్ అనే గొట్టం తగిలించి పీల్పించాల్సింది టీచరే. తగ్గకపోతే పిలవాల్సింది 108 అంబులెన్స్‌ని. ఆ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే మొదలైంది.